బీరువాకు తాళం, చేతిలో ఫోన్

మొన్న చలికాలంలో మా బడి పిల్లలను కొండగట్టుకు తీసుకుపోయాం. కొండ కనబడగానే బస్సులో ఒకటే కేకలు. దిగిన తర్వాత ఒక చెట్టు కింద కూర్చోబెట్టి, ఆ కొండ గురించి అక్కడివాళ్లు చెప్పుకునే కథ చెప్పాను. లక్ష్మణుడు మూర్ఛపోతే ఆంజనేయుడు సంజీవని కోసం పోయాడు. ఏ ఆకు సంజీవనో తెలియక కొండనే పెకిలించి ఎత్తుకొచ్చాడు. వస్తుంటే అందులో ఒక ముక్క విరిగి ఇక్కడ పడింది. అదే కొండగట్టు.

ఏడో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడింది. "సార్, ఏ ఆకో తెల్వకపోతే ఎవలనన్న అడగాలె గదా? మా తాత అయితే ఆకు ఒక్కటే తెచ్చేటోడు" అంది.

అందరం నవ్వాం. దేవుణ్ణి నమ్మేవాళ్లు కోపం తెచ్చుకోవద్దు. ఆంజనేయుడి బలాన్ని ఆ పిల్ల తక్కువ చేయలేదు. ఆ పిల్ల తాత అడవికి పోయి మందాకు తెచ్చే మనిషి. ఏ చెట్టు ఎక్కడుంటుందో, ఆకు ఏ పొద్దున కోయాలో, వేరు ఎంత తవ్వాలో ఆయనకు తెలుసు. ఆ పిల్ల ఆ తెలివిని చూస్తూ పెరిగింది. అందుకే కొండంతా మోసుకురావడం ఆమెకు వింతగా తోచింది.

తిరుగు ప్రయాణంలో వెనక్కి తిరిగి చూశాను. చివరి సీట్లో నలుగురు పెద్ద పిల్లలు దాచి తెచ్చుకున్న ఒకే ఫోన్ మీద తలలు వాల్చి రీల్స్ చూస్తున్నారు. ముందు సీట్లలో మేం ఉపాధ్యాయులం. మేం కూడా ఎవరి ఫోన్‌లో వాళ్లం ఉన్నాం. అప్పుడు ఆ పిల్ల మాట మళ్లీ గుర్తొచ్చింది. మనం పిల్లల నెత్తిన కొండ పెట్టాం. అందులో మందాకూ ఉంది, విషపాకూ ఉంది, ముల్లూ రాయీ ఉన్నాయి. ఏ ఆకు ఏదో చెప్పే మనిషిని మాత్రం పెట్టలేదు.

నా మాట సూటిగా చెబుతాను. మన గూడేల్లో పిల్లలు ఫోన్ వల్ల చెడిపోతున్నారని అందరం అంటున్నాం. ఫోన్ రావడానికి ఎన్నో ఏళ్ల ముందే మన బళ్లలో గ్రంథాలయం బీరువాకు తాళం పడింది. చదివే అలవాటు, అడిగే అలవాటు, సరిచూసుకునే అలవాటు లేని పిల్లవాడి చేతికి ఆ తర్వాత ఫోన్ వచ్చింది. తాళం వేసింది మనం. ఇప్పుడు తప్పు ఫోన్‌ది అంటున్నాం.

చట్టం ఏమంటుంది, బడిలో ఏముంది

2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలని ఆ చట్టం షెడ్యూల్‌లోనే రాసి ఉంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, పిల్లల హక్కు.

మరి మన బళ్లలో ఏముంది? నేను పనిచేసిన చోట్ల చూసిందే చెబుతాను. ప్రధానోపాధ్యాయుడి గదిలో ఒక ఇనుప బీరువా. దానికి తాళం. లోపల పుస్తకాలు కట్టలు కూడా విప్పకుండా ఉంటాయి. పిల్లలకు ఇస్తే చింపుతారని భయం. చింపితే ఆడిట్‌లో లెక్క చెప్పాలని ఇంకా భయం. అందుకని ఎలుకలు చింపినా సరే, పిల్లలు చింపవద్దు! ఒక బడిలో తాళంచెవి కోసం రెండు రోజులు వెతికాం. బదిలీ మీద పోయిన సారు జేబులోనే అది కూడా బదిలీ అయి పోయింది.

గ్రంథాలయ శాస్త్రానికి మన దేశంలో దారి వేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు సూత్రాలు ప్రకటించాడు. మొదటిది, పుస్తకాలు వాడుకోవడానికే అని. దాదాపు వందేళ్లు కావస్తోంది. మనం ఇంకా మొదటి సూత్రం దగ్గరే ఆగి ఉన్నాం. ఇప్పుడు అదే బీరువాలో ట్యాబ్‌లు కూడా చేరుతున్నాయి. పుస్తకానికి పట్టిన గతే వాటికీ పడుతోంది. కవర్ విప్పితే పాడవుతుందని భయం, పాడైతే లెక్క చెప్పాలని భయం.

గ్రంథాలయం కొండెక్కలేదు

తెలంగాణలో గ్రంథాలయానికి పెద్ద చరిత్రే ఉంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టాయి. నిజాం రాజ్యంలో తెలుగు చదవడమే ఒక పోరాటమైన రోజుల్లో అవి మనుషులను తయారుచేశాయి. వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. గ్రంథాలయం నుంచి సభలు, సభల నుంచి ఉద్యమం వచ్చాయని మనమే పాఠం చెబుతాం. కానీ ఆ గ్రంథాలయం మైదానంలోనే ఆగిపోయింది. గుట్టలెక్కి గూడేనికి రాలేదు.

మనకు చదువే లేదా? ఉంది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన పాత రాతప్రతులు మన పెద్దల ఇళ్లలోనే దొరికాయి. బయటి ప్రపంచానికి వాటి సంగతి తెలిసింది ఈ శతాబ్దంలోనే. బయటివాళ్లు మనను అక్షరం లేని జాతి అన్నారు. మన పెట్టెల్లో మాత్రం అక్షరం భద్రంగా ఉంది.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైన తర్వాత, ఆదివాసులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి మన మధ్య పనిచేశాడు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండిలో, నాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. మన పిల్లవాడికి మన మనిషే మన భాషలో చదువు చెప్పాలన్న ఆలోచన అంత పాతది. ఎనభై ఏళ్ల తర్వాత మన పిల్లవాడి చేతిలో ప్రపంచంలోని బొమ్మలన్నీ ఉన్నాయి. కానీ ఆ ఫోన్‌లో గోండి కథ ఒకటి చూపించమంటే ఎంతమంది చూపించగలరు? ఎంతమంది ఉపాధ్యాయులం చూపించగలం?

భీం, అల్లూరి దోస్తులట!

ఒక అనుభవం చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు కుమురం భీం మీద ప్రాజెక్టు ఇచ్చాను. సెలవులకు ఇంటికి పోయి రాసుకొచ్చారు. సగం మంది నోటుబుక్కుల్లో ఒకే మాట ఉంది. భీం, అల్లూరి సీతారామరాజు ప్రాణస్నేహితులట. ఢిల్లీలో కలుసుకుని తెల్లదొరలతో కలిసి కొట్లాడారట. ఎక్కడిది అని అడిగితే "ఫోన్ల ఉంది సార్" అన్నారు.

అది 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్ సినిమా కథ. కల్పిత కథ అని తీసినవాళ్లే చెప్పారు. అల్లూరి మన్యంలో 1922 నుంచి 1924 దాకా బ్రిటిష్ వాళ్లతో పోరాడి 1924లో చనిపోయాడు. భీం కొట్లాడింది నిజాం సర్కారుతో. పన్నెండు గూడేల భూమి కోసం, అడవి మీద హక్కు కోసం. ఆయన అమరుడైంది 1940లో. భీం మనవాడు. జోడేఘాట్ మన గుట్టల్లో ఉంది. మన పిల్లలు ఆయన కథను సినిమా ముక్కల నుంచి నేర్చుకున్నారు. ఆ రోజు నాకు పిల్లల మీద కోపం రాలేదు, సిగ్గు అనిపించింది. ఆ ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు ఎక్కడ చూడాలో, ఎలా సరిచూసుకోవాలో నేను చెప్పలేదు. ఆకు తెమ్మని పంపి, ఏ ఆకో చెప్పలేదు.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి గ్రంథాలయంలో. బీరువా తీస్తే అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన భీం నవల దొరికింది. పాత సాంఘిక శాస్త్రం పుస్తకాలు దొరికాయి. ట్యాబ్ బయటికి తీశాం. పక్క గూడెం నుంచి ఒక పెద్దమనిషిని పిలుచుకొచ్చాం. ఒక నియమం పెట్టుకున్నాం. ఒక్క సాక్షితో తీర్పు లేదు. మన రాయ్ సెంటర్‌లో సార్‌మేడి ఒక్కరి మాట విని తీర్పు చెబుతాడా? చెప్పడు. ఇద్దరినీ పిలుస్తాడు, చూసినవాళ్లను అడుగుతాడు, పెద్దలతో మాట్లాడతాడు. ఫోన్ విషయంలోనూ అంతే. ఫోన్ ఒక సాక్షి. పుస్తకం ఒక సాక్షి. పెద్దమనిషి ఒక సాక్షి. ముగ్గురినీ విన్న తర్వాతే నోటుబుక్కులో రాయాలి.

పిల్లలు ఏం పట్టుకున్నారో తెలుసా? భీం అమరుడైన తేదీ అన్నిచోట్లా ఒకటిగా లేదని పట్టుకున్నారు. ఒకచోట సెప్టెంబర్ అని ఉంది, ఒకచోట అక్టోబర్ అని ఉంది. ఆ పెద్దమనిషి మాత్రం "తారీకు నాకు తెల్వది బిడ్డా, ఆశ్వయుజ పున్నమినాడు మనం జోడేఘాట్‌ల వర్ధంతి చేస్తం" అన్నాడు. ఒక పిల్లవాడు ట్యాబ్‌లో పాత క్యాలెండర్ వెతికి, 1940లో ఆ పున్నమి ఏ రోజు వచ్చిందో చూద్దామన్నాడు. ఆ క్షణంలో ఆ ట్యాబ్ ఆటబొమ్మ కాదు, పనిముట్టు అయింది. నాగలి, గొడ్డలి, విల్లు ఎలాగో అదీ అలాగే.

సాంకేతికతను బాధ్యతగా వాడడం అంటే ఇదే. పెద్ద మాటలు అక్కరలేదు. ఏం వెతుకుతున్నానో తెలిసి వెతకడం, దొరికింది ఎవరు చెప్పారో చూడడం, ఇంకొకరిని అడగడం, నా మాటల్లో రాయడం, ఎక్కడినుంచి తీసుకున్నానో చెప్పడం. ఇవన్నీ గ్రంథాలయం నేర్పే పనులే. ఫోన్ అవి నేర్పదు. ఫోన్ ఎంత తొందరగా జవాబిస్తే అంత తొందరగా మనం ఆలోచించడం మానేస్తాం. ఇప్పుడు వాట్సాప్‌లోనే ఏఐ కూర్చుంది. వ్యాసం రాయమంటే క్షణంలో రాస్తుంది. తప్పు కూడా గట్టి నమ్మకంతో చెబుతుంది. మన పెద్దలు తెలియకపోతే తెల్వదంటారు. ఆ యంత్రం చాలాసార్లు ఆ మాట అనదు. ఆ తేడా పిల్లలకు చెప్పేదెవరు?

నిషేధిస్తే సరిపోతుందా

కొందరు తోటి ఉపాధ్యాయులు అంటారు. బడిలో ఫోన్ నిషేధించాం, మన పని అయిపోయింది అని. నిషేధం తప్పు అని నేను అనను. తరగతి గదిలో, పడుకునే చోట ఫోన్ వద్దు. చాలా దేశాలు ఈ దారిలోనే ఉన్నాయి. ఆస్ట్రేలియా 16 ఏళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని 2024లో చట్టం చేసింది. కానీ మన ఆశ్రమ పాఠశాల సంగతి ఆలోచించండి. పిల్లవాడు నెలల తరబడి ఫోన్ ముట్టడు. దసరాకో, సంక్రాంతికో, ఎండకాలం సెలవులకో ఇంటికి పోతాడు. అన్న ఫోన్ చేతికొస్తుంది. రాత్రీ పగలూ అదే. ఆకలిగా ఉన్నవాడు ముందుకొచ్చింది తిన్నట్టు. బడి ఏమీ నేర్పలేదు కనుక ఫోన్ వాడకం ఎవరు నేర్పుతున్నారు? ఊళ్లో పని లేకుండా తిరిగే కుర్రాళ్లు, బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసేవాళ్లు, ఎవరో తెలియని ఇన్‌స్టాగ్రామ్ స్నేహితులు.

గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగి అసర్ 2024 నివేదిక చెప్పిన లెక్క చూడండి. నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. అంతకు ముందు వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడింది వాళ్లలో నూటికి 57 మంది. సోషల్ మీడియాకు వాడింది వాళ్లలో నూటికి 76 మంది. వాడడం వచ్చింది. ఎందుకు వాడాలో ఇంకా రాలేదు. ఆ సందు పూడ్చాల్సింది బడే.

ఆ సందులో మన పిల్లలు పడిపోతున్నారు కూడా. డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే చట్టం చేసి నిషేధించింది. కేంద్రం 2025లో దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయినా పత్తి డబ్బులు చేతికి వచ్చిన నెలలో ఎంతమంది తండ్రులు కొడుకు ఫోన్ ముందు నెత్తి కొట్టుకున్నారో గూడెంలో ఉన్నవాళ్లకు తెలుసు. లోన్ యాప్‌లో మూడువేలు తీసుకున్నవాడు బూతు ఫోన్లకు భయపడి ఊరు విడిచిపోయిన సంగతీ తెలుసు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని మన పదో తరగతి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం అంటుంది. ఆ తల్లిదండ్రులు వేలిముద్ర వేసేవాళ్లయితే, ఆ అనుమతి అంటే ఏమిటో వాళ్లకు చదివి చెప్పేది ఎవరు? వాళ్ల బిడ్డే. ఆ బిడ్డకు నేర్పేది బడి కాకపోతే ఇంకెవరు?

ఇంకో రకం వాళ్లున్నారు. ట్యాబ్‌లు పంచితే, తెర బిగిస్తే చదువు వచ్చినట్టే అనుకునేవాళ్లు. వీళ్లకు 2020 గుర్తు చేయాలి. కరోనాలో బళ్లు మూసి, సెప్టెంబర్ 1 నుంచి టీవీలో, టీశాట్‌లో పాఠాలు చెప్పారు. కరెంటు ఉంటే సిగ్నల్ లేదు, సిగ్నల్ ఉంటే రీచార్జ్ లేదు, రెండూ ఉంటే ఇంటికి ఒకటే ఫోన్, అది నాన్నతో పాటు పనికి పోయింది. గుట్ట ఎక్కితే తప్ప సిగ్నల్ రాని ఊళ్లు మనవే. పైగా ఆ పాఠం తెలుగులో. ఒకటో తరగతి కొలాం పిల్లకు అది అమ్మ మాట కాదు. పక్కన కూర్చుని చెప్పే మనిషి లేని తెర గోడ మీద క్యాలెండర్ లాంటిదే. బొమ్మ బాగుంటుంది, తారీకులు మారుతుంటాయి.

నిషేధించేవాళ్లూ, పంచేవాళ్లూ ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. ఇద్దరూ వస్తువు గురించే మాట్లాడుతున్నారు. పిల్లవాడి పక్కన కూర్చునే మనిషి గురించి మాట్లాడడం లేదు. ఆ మనిషికీ, ఆ పిల్లవాడికీ ఒక చోటు కావాలి. ఆ చోటు పేరే గ్రంథాలయం.

సాకులు, జవాబులు

మొదటి సాకు, నెట్ లేదు. నెట్ లేకపోవడమే కొన్నిసార్లు మంచిది. మండల కేంద్రానికి పోయినప్పుడు ఒకసారి దించుకుని తెస్తే చాలు. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను నెట్ లేకుండా చదవొచ్చు. స్టోరీవీవర్‌లో పిల్లల కథలు దించుకుని దాచుకోవచ్చు. దీక్షలో పాఠాలు దించుకోవచ్చు. ఒక మెమొరీ కార్డులో ఒక బడికి ఏడాదికి సరిపడా చదువు పడుతుంది. ఏ ఆకు తేవాలో ముందే తెలిసిన మనిషి అడవికి పోయొచ్చినట్టు.

రెండో సాకు, లైబ్రేరియన్ లేడు. ఇది సాకు కాదు, నిజం. దీని మీద కొట్లాడాలి. ఇంటి పన్నుతో కలిపి గ్రంథాలయ పన్ను ఎన్నో ఏళ్లుగా వసూలవుతోంది. ఆ పన్ను ఫలం గూడెం బడి దాకా ఎందుకు రాదని అడగాలి. ప్రతి ఆశ్రమ పాఠశాలకూ ఒక లైబ్రేరియన్ కావాలి, ఆ ఉద్యోగం స్థానిక భాష వచ్చిన ఆదివాసీ యువతకు ఇవ్వాలి. డిగ్రీలు చేతిలో పెట్టుకుని ఊళ్లో కూర్చున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎంతమంది లేరు? కానీ పోస్టు వచ్చేదాకా తాళం వేసే ఉంచుదామంటే ఒప్పుకోను. ఎనిమిదో తరగతి పిల్లలు ఇద్దరిని పెట్టండి. రిజిస్టర్ వాళ్లే రాస్తారు. మా బడిలో రాస్తున్నారు. నాకంటే శుభ్రంగా రాస్తున్నారు.

మూడో సాకు, ఇస్తే పాడుచేస్తారు. చేయనీయండి. చదివి చిరిగిన పుస్తకం బడికి గౌరవం. ట్యాబ్ విషయంలో మాత్రం కట్టుబాట్లు ఉండాలి. మేం పెట్టుకున్నవి చెబుతాను. ట్యాబ్ గ్రంథాలయం గది దాటదు. ఒక్కో ట్యాబ్ ముందు ఇద్దరు కూర్చుంటారు, ఒక్కరు కూర్చోరు. తెర తలుపు వైపు ఉంటుంది. అరగంట అయితే చేతులు మారుతాయి. కూర్చునే ముందు రిజిస్టర్‌లో ఏం వెతకబోతున్నారో రాస్తారు. లేచేముందు ఏం దొరికింది, ఎవరు చెప్పింది, ఇంకెక్కడ సరిచూసుకున్నారు అని మూడు గళ్లు నింపుతారు. మొదట్లో ఆ గళ్లు ఖాళీగా ఉండేవి. ఇప్పుడు కొందరు పిల్లలు "ఎవరూ చెప్పలేదు, నమ్మలేదు" అని కూడా రాస్తున్నారు. ఆ మాట చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఏ పరీక్షా ఫలితం ఇవ్వలేదు.

నాలుగో సాకు, మాకు టైమ్ లేదు. ఇది మన గురించి కాబట్టి కొంచెం కటువుగానే చెబుతాను. మన మీద పని భారం ఉంది. హాజరు యాప్, భోజనం లెక్కల యాప్, ఫొటో పెట్టు, లొకేషన్ పెట్టు. సగం రోజు ఫోన్‌కే పోతోంది. దాని మీద సంఘాలు మాట్లాడాలి. కానీ యాప్ పని అయిపోయిన తర్వాత కూడా మన బొటనవేలు ఆగడం లేదు కదా! పిల్లలు మన మాట వినరు, మన చేతులు చూస్తారు. స్టాఫ్ రూమ్‌లో వాట్సాప్ ఫార్వార్డ్‌ను సరిచూడకుండా చదివి వినిపించే సారు, తరగతిలో "నెట్‌లో వచ్చిందల్లా నమ్మొద్దు" అంటే ఎవరు వింటారు? వారానికి ఒక్క గంట గ్రంథాలయంలో పిల్లల మధ్య కూర్చుని ఒక పుస్తకం చదవండి. పాఠం చెప్పొద్దు, చదవండి చాలు.

మన భాష ఆ కొండలో ఉందా

ఇప్పుడు యువతతో ఒక మాట. 2011 జనాభా లెక్కల్లో గోండిని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 29 లక్షల 84 వేల పైచిలుకు. అంతమంది మాట్లాడే భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అంటే ఆ అక్షరాలను ఇప్పుడు కంప్యూటర్లూ ఫోన్లూ గుర్తుపట్టగలవు. ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. గుంజాల పెట్టెలో దాగిన అక్షరం ప్రపంచమంతా చేరే దారి పడింది. కానీ ఆ దారిలో నడిచేవాళ్లు ఎక్కడ? దండారి రోజుల్లో గుస్సాడీ వీడియోలు వందల కొద్దీ పెడుతున్నాం. గుస్సాడీకి 2021లో పద్మశ్రీ తెచ్చిన మార్లవాయి కనకరాజు 2024లో మనను విడిచిపోయాడు. ఆయన ఆడుతున్న వీడియోలు మన ఫోన్లలో ఉన్నాయి. ఆయన చెప్పిన మాటలు ఎంతమంది దగ్గర ఉన్నాయి? కిక్రి వాయిస్తూ వంశ కథలు పాడే పర్ధాన్ పెద్దలు ఒక్కొక్కరే పోతున్నారు. ఒక్కొక్కరితో ఒక గ్రంథాలయం పోతోంది. మన చేతిలో రికార్డు చేసే యంత్రం ఉంది, మనం దానితో సినిమా పాటకు పెదాలు కదిపి వీడియో తీస్తున్నాం.

బడి గ్రంథాలయం ఆ పని చేయాలి. పిల్లలు తాతను, అవ్వను పిలిచి, ఫోన్‌లో కథ రికార్డు చేసి, విని, గోండిలోనూ తెలుగులోనూ రాసి, బొమ్మ వేసి పుస్తకం కుట్టాలి. కొలామీకి, కోయకు, నాయక్‌పోడు, తోటి పెద్దల కథలకు కూడా అంతే. ఆ పుస్తకం పక్కన అచ్చు పుస్తకం పెట్టాలి. ఒక జాగ్రత్త మాత్రం ఉండాలి. పెద్దలను అడగకుండా ఏదీ నెట్‌లో పెట్టొద్దు. పేన్ కొలుపులో ఇంటివాళ్లకే చెందినవి ఉంటాయి. అందరికీ చూపేది వేరు, మనలో మనం దాచుకునేది వేరు. ఏది దాచాలో తెలియడం కూడా బాధ్యతే. ఇది బయటివాళ్లు మనకు నేర్పలేరు. మనమే వాళ్లకు నేర్పాలి.

ఇది చేయకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. రేపు ఏ యంత్రమైనా ఆదివాసి గురించి చెప్పేది బయటివాళ్లు రాసినదాని నుంచే చెబుతుంది. భీం సినిమా కథే చరిత్ర అవుతుంది. మన మనవళ్లు తమ గురించి తాము ఇతరుల నోటి నుంచి వింటారు. భూమి పోయినప్పుడు మనం కొట్లాడాం. అడవి పోతుంటే కొట్లాడాం. ఇది పోతుంటే చప్పుడు వినబడడం లేదు, ఎందుకంటే మనం తలవంచి తెర చూస్తున్నాం.

కొండగట్టు నుంచి వచ్చిన తర్వాత ఆ ఏడో తరగతి పిల్ల తన తాతను బడికి తీసుకొచ్చింది. ఆయన పదహారు ఆకులు తెచ్చి బల్ల మీద పరిచాడు. పిల్లలు ట్యాబ్‌తో ఫొటోలు తీశారు, గోండి పేరు, తెలుగు పేరు రాశారు, శాస్త్రీయ నామం కోసం పుస్తకంలో, నెట్‌లో వెతికారు. రెండు ఆకులకు ఎక్కడా పేరు దొరకలేదు. మరో ఆకు చూపించి, "దీన్ని ఫోన్ల పెట్టకుర్రి" అన్నాడు తాత. పిల్లలు ఆ ఫొటో తీసేశారు.

తోటి ఉపాధ్యాయులారా, తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! నిధులు రావాలి, పోస్టులు రావాలి, వాటి కోసం దరఖాస్తులూ ధర్నాలూ చేద్దాం. అవి వచ్చేలోగా ఒక పని మన చేతుల్లోనే ఉంది. రేపు పొద్దున బడికి పోగానే, ఫోన్ తీయకముందే, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అడగండి.